మా మందు ఫెయిలైంది, అయినా ఈ ల్యాబ్‌కి నాలుగు స్టార్లు

ముందే చెప్తున్నా, ల్యాబ్ పేరు రాయను. అగ్రిమెంట్‌లో కాన్ఫిడెన్షియాలిటీ అని మూడు పేజీలుంది, సంతకం పెట్టింది నేనే. జీనోమ్ వ్యాలీ వైపు ఉంటుంది, శామీర్‌పేట దాటాక, అటు ఇలాంటివి బోలెడు కాబట్టి ఇంతకంటే గుర్తులు అడగొద్దు. మరి ఎందుకు రాస్తున్నా అంటే మాలాంటి చిన్న కంపెనీల వాళ్ళు కేన్సర్ మందుని ఎలుకల్లో టెస్ట్ చేయించుకోవాలంటే ఏ సీఆర్ఓకి (డబ్బు తీసుకుని ఇలాంటి టెస్టులు చేసిపెట్టే కంపెనీ) ఇవ్వాలో ఎవర్ని అడగాలో తెలీక బ్రోచర్ చూసి పడిపోతారు, మేమూ అలాగే పడ్డాం, ఒకసారి దెబ్బ తిన్నాం, రెండోసారికి కాస్త తెలివొచ్చింది. ఈ రివ్యూ ఆ రెండోసారి చేయించిన చోటు గురించి. మొదటి చోటు వేరే ఊరు, దాని పేరూ చెప్పను.

మా మాలిక్యూల్ పెద్దపేగు కేన్సర్ కోసం, నోట్లో వేసుకునే రకం. ప్లేట్‌లో కణాల మీద పోస్తే శుభ్రంగా చంపేది. కానీ ప్లేట్‌లో కేన్సర్ కణాన్ని చంపడం పెద్ద గొప్పేం కాదు, బ్లీచింగ్ పౌడర్ వేసినా చస్తుంది. ఒంట్లో రక్తనాళాలు అల్లుకుని పెరుగుతున్న గడ్డ దాకా మందు చేరాలి, చేరి పని చెయ్యాలి, చేస్తూ మిగతా ఒంటిని పాడు చెయ్యకూడదు. అది చూడ్డానికే న్యూడ్ మైస్. బొచ్చు లేని గులాబీ రంగు చిట్టెలుకలు, మొదటిసారి చూసినవాళ్ళు అయ్యో పాపం అంటారు. ఇవి 1962లో గ్లాస్గోలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో వాటంతట అవే పుట్టాయి, ఎవరూ పనిగట్టుకుని తయారు చెయ్యలేదు. 1968లో తెలిసిందేంటంటే వీటికి లేనిది బొచ్చొక్కటే కాదు, థైమస్ కూడా లేదు, అంటే పరాయి కణాల మీద పోరాడే టీ సెల్స్ తయారవ్వవు, అంటే పరాయి కణాలు తెచ్చి ఎక్కించినా ఒళ్ళు తిప్పికొట్టదు. మరుసటి ఏడాదే డెన్మార్క్‌లో ఇద్దరు మనిషి పెద్దపేగు కేన్సర్ ముక్కని వీటిలో పెట్టి పెంచి చూపించారు. యాభై ఏళ్ళు దాటినా మేం డబ్బిచ్చి చేయించుకునేది దాదాపు అదే పని, కాకపోతే ముక్కకి బదులు ఫ్లాస్కులో పెంచిన హెచ్‌సీటీ116 అనే పెద్దపేగు కేన్సర్ కణాలు. దీన్ని జీనోగ్రాఫ్ట్ స్టడీ అంటారు.

మొదటి స్టడీ రిజల్ట్ వచ్చిన రోజు ఆఫీసుకి బిర్యానీ తెప్పించుకున్నాం. టీజీఐ 74 శాతం. తెలీని వాళ్ళకోసం, మందు లేని ఉత్త ద్రావణం తాగిన గ్రూపులో గడ్డ ఎంత పెరిగింది, మందు తాగిన గ్రూపులో ఎంత పెరిగింది, ఆ తేడాని శాతంలో చెప్తే అదే టీజీఐ. సున్నా వస్తే మందూ నీళ్ళూ ఒకటే, వంద వస్తే గడ్డ మొదలైన చోటే ఆగిపోయింది, వంద దాటితే కరుగుతోంది. 74 అంటే ఇన్వెస్టర్ స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో పెట్టుకోవచ్చు, పెట్టుకున్నాం కూడా. మా ఫౌండర్ నా క్లాస్‌మేటే, ఆ రాత్రి వాడికి సంతోషంతో నిద్ర పట్టలేదట.

మూడు నెలల తర్వాత ఒక ఇన్వెస్టర్ తరఫున ఒక పెద్దాయన వచ్చారు, ఫార్మాలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. స్లైడ్ వైపు చూడను కూడా చూడలేదు, ఎక్సెల్ ఉందా అన్నారు. ల్యాప్‌టాప్‌లో పది నిమిషాలు కిందకీ పైకీ జరిపి "అమ్మా, ఆ ఏడాది దసరా ఎప్పుడొచ్చింది?" అని అడిగారు. నాకు అర్థం కాలేదు. గ్రాఫ్ మీద వేలు పెట్టి చూపించారు. పదిహేనో రోజున అన్ని గ్రూపుల్లోనూ గడ్డలు తగ్గాయి, మందు తాగినవీ తగ్గాయి, ఉత్త ద్రావణం తాగినవీ తగ్గాయి, పందొమ్మిదో రోజుకి మళ్ళీ అన్నీ పెరిగాయి, గడ్డలన్నీ మాట్లాడుకుని పండక్కి సెలవు పెట్టినట్టు. జరిగిందేంటంటే రోజూ కొలిచే మనిషి ఊరెళ్ళాడు, ఆ రోజు ఇంకెవరో కొలిచారు. ఆ గ్రాఫ్ నేను వందసార్లు చూసుంటా, ఒక్కసారి కూడా పట్టలేదు, 74 కనిపించాక ఇంకేం కనిపిస్తుంది.

అక్కడితో అయిపోలేదు. మందు మొదలుపెట్టిన రోజు గడ్డల సైజు గ్రూపులవారీగా సగటు తీస్తే కంట్రోల్ గ్రూపులో, అంటే ఉత్త ద్రావణం తాగినవాటిలో పెద్దవి, మా మందు అన్నిటికంటే ఎక్కువిచ్చిన హైడోస్ గ్రూపులో చిన్నవి. అంటే పందెం మొదలవ్వకముందే మావాడు నాలుగడుగులు ముందున్నాడు. పైగా హైడోస్ ఎలుకలు పద్నాలుగు శాతం బరువు తగ్గాయి, ఆ సంగతి రిపోర్ట్ చివర అనుబంధంలో ఎక్కడో చిన్న టేబుల్‌గా ఉంది. తిండి మానేసి చిక్కిపోతున్న ఎలుకలో గడ్డ కూడా మెల్లిగా పెరుగుతుంది కదా, అది మందు గొప్పతనమా లేక విషం లక్షణమా అని పెద్దాయన అడిగితే నేను నీళ్ళు నమిలా. గడ్డ పుండు పడిందని రెండు ఎలుకల్ని మధ్యలో తీసేశారు, ఆ రెండూ హైడోస్ గ్రూపులోవే, రెండూ అందులోకెల్లా పెద్ద గడ్డలున్నవే. మోసం చేశారని అనను, మనసులో ఏ రిజల్ట్ కావాలో ఉంటే చెయ్యి అటే పోతుంది, అంతే. 2012లో నేచర్‌లో బెగ్లీ, ఎల్లిస్ అని ఇద్దరు రాశారు, ఆమ్‌జెన్ అనే అమెరికా మందుల కంపెనీలో కేన్సర్ మీద పేరుమోసిన 53 పరిశోధనలు మళ్ళీ చేసి చూస్తే నిలబడ్డవి 6 అని. అది చదివి అమెరికా వాళ్ళ గొడవలే అనుకునేదాన్ని.

సరే, ఇప్పుడు అసలు రివ్యూ. రెండో ల్యాబ్‌కి మొదటి మార్కు ఎక్కడ పడిందంటే, మేం సెల్స్ పంపిస్తామంటే వద్దన్నారు. మీ సెల్స్ మీ దగ్గరే ఉంచుకోండి, లేదా ముందు ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (ఇవి ఏ కణాలో డీఎన్ఏతో గుర్తుపట్టే టెస్టు) చేయించి, మైకోప్లాస్మా బ్యాక్టీరియా అంటలేదన్న రిపోర్ట్‌తో పంపండి అన్నారు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది, డబ్బులు గుంజడానికి అనుకున్నా. కానీ వాళ్ళదే రైటు. ఎండీఏ ఎంబీ 435 అని ఒక సెల్ లైన్ ఉండేది, బ్రెస్ట్ కేన్సర్ కణాలనుకుని ప్రపంచమంతా ఏళ్ళ తరబడి వాడారు, తీరా జన్యువులు చూస్తే అది చర్మపు మెలనోమా లైన్. సీసా మీద రాసిందీ సీసాలో ఉన్నదీ ఒకటే అని గ్యారంటీ ఏమీ లేదు. పచ్చళ్ళ జాడీ అయితే మూత తీసి వాసన చూస్తాం, వీటికి ఆ వీలు లేదు. చివరికి వాళ్ళ సెల్ బ్యాంకులో ఉన్న హెచ్‌సీటీ116 వాడాం, ఎస్‌టీఆర్ కాగితం చేతికిచ్చారు.

యానిమల్ హౌస్ చూడ్డానికి వెళ్తే లోపలికి రానివ్వడానికే గంట పట్టింది, మీ ఇంట్లో పెంపుడు జంతువులున్నాయా, ఈ వారంలో వేరే ల్యాబ్‌లో ఎలుకల్ని ముట్టుకున్నారా అని ఫారం నింపించుకున్నారు. మా ఇంట్లో పిల్లి ఉంది, నిజమే రాశా, ఆ రోజు అద్దంలోంచే చూడమన్నారు. నాకు కోపం రాలేదు, ముచ్చటేసింది. టీ సెల్స్ లేని జీవాలు మరి, నా చీర కొంగుకి అంటిన ఏదో క్రిమి వాటిని ఊడ్చేస్తుంది. బోనులు ఒక్కోదానికి విడిగా ఫిల్టర్ గాలి వచ్చేవి, పరుపు ఆటోక్లేవ్‌లో ఆవిరితో శుద్ధి చేసింది, మేత రేడియేషన్‌తో శుద్ధి చేసింది. కరెంటు పోతే ఏంటి పరిస్థితి అని అడిగితే జనరేటర్ చూపించలేదు, పోయిన మే నెల గది టెంపరేచర్ లాగ్ ప్రింట్ తీసి ఇచ్చారు, అదీ జవాబంటే. (క్యాంటీన్ మాత్రం దండగ, సాంబారు రసంలా ఉంటుంది రసం వేణ్ణీళ్ళలా ఉంటుంది, బాక్స్ కట్టుకెళ్ళండి.)

రిసెప్షన్‌లో యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫొటో ఉంది. మా నాన్నది భీమవరం దగ్గరే, ఫోన్‌లో ఫొటో తీసి పంపిస్తే "మన ఊరాయనే" అని వెంటనే మెసేజ్. లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో ఆయన టీమ్ చేసిన అమినోప్టెరిన్ మందుని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఇచ్చి చూస్తే 16 మందిలో 10 మందికి, కొన్నాళ్ళకే అయినా, జబ్బు తగ్గుముఖం పట్టింది, 1948లో ఆ పేపర్ వచ్చింది, ఆ ఏడాదే సుబ్బారావు గారు పోయారు. ఫొటో కింద మాత్రం పేరు స్పెల్లింగ్ తప్పు రాశారు, చెప్పా, ఇంకా మార్చలేదు.

ఎథిక్స్ కమిటీ దగ్గర ఐదు వారాలు పోయాయి. ఇది వాళ్ళ తప్పు కాదు, జంతువుల మీద ప్రయోగాల్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఎస్ఈఏ రూల్ ప్రకారం కమిటీ కూర్చుని ఓకే అనకుండా ఒక్క ఎలుకని కూడా ముట్టుకోకూడదు. గ్రూపుకి ఎనిమిది ఎందుకు, ఆరు చాలదా అని అడిగారు, లెక్క వేసి చూపించాల్సొచ్చింది. ఐదు గ్రూపులు, ఎనిమిదేసి, మొత్తం నలభై. కానీ కణాలు ఎక్కించింది అరవైకి, ఎందుకంటే అన్నిట్లో గడ్డ సమానంగా రాదు, కొన్నిట్లో మొండిగా రానే రాదు, కొన్నిట్లో తొందరపడి పెరుగుతుంది, మధ్యస్థంగా ఉన్న నలభై ఏరుకోవాలంటే అరవై ఉండాలి. మొదటి ల్యాబ్ ఖర్చు తగ్గిస్తామని నలభై ఎనిమిదికే ఎక్కించింది, అందుకే గ్రూపులు ఎగుడుదిగుడుగా వచ్చాయి. కొటేషన్‌లో ఈ లైన్ చూడండి, ఎక్కడైనా ఎక్కించే సంఖ్య, గ్రూపుల్లో ఉండే సంఖ్య దగ్గరదగ్గరగా ఉంటే అనుమానించండి.

ఎక్కించే రోజు పక్క గదిలోంచి చూడనిచ్చారు. ఒక్కో ఎలుకకి 50 లక్షల కణాలు, కణాలు నిలదొక్కుకోడానికి వాడే మ్యాట్రిజెల్ అనే జెల్ సగానికి సగం కలిపి, డొక్క పక్కన చర్మం కింద. మ్యాట్రిజెల్ చల్లగా ఉన్నంతసేపే నీళ్ళు, కాస్త వేడి తగిలిందా జున్నులా గట్టిపడుతుంది, అందుకే సిరంజిలు కూడా ఐసు మీద పెట్టుకున్నారు. ఇద్దరు కూర్చున్నారు, ఒకరు పట్టుకోవడం ఒకరు గుచ్చడం, అరవైకి గంటంపావు, ఒక్క మాట లేదు. చివరి బ్యాచ్ ఎక్కించాక ఒక చుక్క కణాలు మిగిలితే వాటిని మైక్రోస్కోప్ కింద పెట్టి ఇంకా బతికే ఉన్నాయా అని లెక్కపెట్టారు, ఐసు మీద కూర్చుని కూర్చుని సగం చచ్చుంటే చివరి ఎలుకలకి అన్యాయం జరిగినట్టే కదా. ఈ పని నేనెక్కడా వినలేదు, అడక్కుండానే చేశారు.

ఇక కొలతలు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తా ఎందుకంటే మొత్తం స్టడీ ఇక్కడే ఉంది. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో వెర్నియర్ కాలిపర్స్ గుర్తుందా, అదే, కాకపోతే డిజిటల్. కదిలే ఎలుకని చేత్తో పట్టుకుని చర్మం కింద ఉన్న గడ్డ పొడవు, వెడల్పు కొలుస్తారు. పొడవుని వెడల్పుతో రెండుసార్లు గుణించి రెండుతో భాగిస్తే ఘనపరిమాణం. పొడవు 10 మిల్లీమీటర్లు, వెడల్పు 8 అనుకోండి, 320 వస్తుంది. వెడల్పు 8 బదులు 9 అని చదివితే 405. అంటే ఒక్క మిల్లీమీటర్, అక్కడ చెయ్యి కాస్త వదులైతే గడ్డ నాలుగో వంతుకి పైగా పెరిగిపోయింది, బిగించి పట్టుకుంటే దాదాపు అంతే తగ్గిపోతుంది. గడ్డ మెత్తగా ఉంటుంది, కాలిపర్ నొక్కితే నొక్కుకుపోతుంది, పైన చర్మం మందం కూడా కలుస్తుంది. కొందరు గట్టిగా నొక్కుతారు, కొందరు తాకీ తాకనట్టు పెడతారు, ఇద్దరిదీ తప్పు కాదు, కానీ ఇద్దర్నీ కలిపితే తప్పు. అందుకే మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకే చెయ్యి కావాలి, ఆ చేతికి ఏ ఎలుక ఏ గ్రూపో తెలియకూడదు. ఇక్కడ డోసు ఇచ్చేది ఒకరు, కొలిచేది ఇంకొకరు, బోను మీద గ్రూపు పేరు ఉండదు, నంబరొక్కటే. మొదటి చోట బోను కార్డు మీద మా మందు కోడ్, డోసు సహా స్కెచ్ పెన్నుతో రాసుంది, అవి ఫొటోలు తీసి గర్వంగా మాకు పంపించారు కూడా, మేం లైకులు కొట్టాం.

కొలిచే కుర్రాడిది అమలాపురం దగ్గర. మేం తారీకులు ఇచ్చేటప్పుడు క్యాలెండర్ చూసుకోలేదు, మందు మొదలయ్యింది డిసెంబర్ చివర్లో, 21 రోజులు, సరిగ్గా సంక్రాంతి మధ్యలో పడింది. అతనికి రెండు నెలల ముందే బస్సు టికెట్ ఉంది. నాకు దసరా గ్రాఫ్ కళ్ళ ముందు కనబడుతోంది, సంక్రాంతికి అతన్ని ఆపమని అడగడానికి నోరు రావట్లేదు, గోదావరి జిల్లా వాళ్ళని పండక్కి ఆపడం అంటే మామూలు పాపమా. ఫోన్ చేసి నసుగుతుంటే అతనే అన్నాడు, "మేడమ్ మీరేం టెన్షన్ పడకండి, మేం పండక్కి ఎప్పుడూ జోడీగా కొలుస్తాం." అంటే వాళ్ళ పద్ధతేంటంటే అతను వెళ్ళేముందు రెండుసార్లు, అతనూ అతని బదులు కొలవబోయే కొత్తమ్మాయీ విడివిడిగా అవే నలభై ఎలుకల్ని కొలిచారు, ఒకరి అంకెలు ఒకరికి చూపించకుండా. తేడా ఎంతుందో కాగితం మీద పెట్టి మాకు పంపించారు, ఆ కొత్తమ్మాయి చెయ్యి కొంచెం బరువు, ప్రతిసారీ కొద్దిగా తక్కువ చదువుతుంది, ఆ సంగతి రిపోర్ట్‌లో కూడా రాశారు. అతను తిరిగొచ్చాక మళ్ళీ ఒకసారి ఇద్దరూ. గ్రాఫ్‌లో ఎక్కడా గుంట లేదు. కనుమ మర్నాడు వచ్చి మాకు కూడా పూతరేకులు పంపించాడు కొరియర్‌లో, ఇది రివ్యూకి సంబంధం లేదు కానీ రాయకపోతే బాగోదు.

రోజూ బరువులు తూచారు, ఎక్సెల్‌లో మొదటి షీట్ అదే పెట్టారు, గడ్డల షీట్ తర్వాత. ఇరవై శాతం బరువు పోయినా, గడ్డ 2000 క్యూబిక్ మిల్లీమీటర్లు దాటినా ఆ ఎలుకని ఇక ఉంచరు, బాధ లేకుండా సాక్రిఫైస్ చేస్తారు, అంటే చంపేస్తారు, అది ముందే రాసుకున్న రూలు. 2000 అంటే సుమారు రెండు గ్రాములు, ఎలుక మొత్తం ఇరవై చిల్లర గ్రాములు, అంటే అరవై కిలోల మనిషి ఐదారు కిలోల గడ్డ మోస్తున్నట్టు. కంట్రోల్ గ్రూపులో ఒకటి పద్దెనిమిదో రోజే దగ్గరపడితే వెట్ డాక్టర్ మాకు ఫోన్ చేసి అడగలేదు, చేశాక చెప్పింది. మా ఫౌండర్‌కి నచ్చలేదు, ఇంకో మూడు రోజులు ఉంచితే గ్రాఫ్ నిండుగా ఉండేది కదా అన్నాడు. నాకైతే ఆ డాక్టర్‌ని చూస్తే గౌరవం పెరిగింది, వాడికి చెప్పలేదు ఆ మాట.

ఇంతకీ రిజల్ట్. 31 శాతం. హైడోస్‌లో. మిగతా రెండు డోసులూ కంట్రోల్ గీతకి అతుక్కుని ఉన్నాయి. ఇరినోటికాన్ ఇచ్చిన గ్రూపు మాత్రం అనుకున్నట్టే అణిగింది, పెద్దపేగు కేన్సర్‌కి నిజంగా పేషెంట్లకిచ్చే మందే అది, దాన్ని పోలిక కోసం పెట్టేది అందుకే, అది పని చేసి మనది చెయ్యకపోతే ఎలుకల మీదకో ల్యాబ్ మీదకో నెట్టడానికి లేదు. మెయిల్ వచ్చాక మా ఫౌండర్ అరగంట కారులో కూర్చుని వచ్చాడు.

అయితే నాలుగు స్టార్లు ఎందుకయ్యా అంటే ఇక్కడే. స్టడీ మొదలయ్యేముందు వాళ్ళ సైంటిస్ట్ విడిగా పీకే గ్రూపు పెట్టుకోండి, రక్తంలో మందు ఎంతసేపు ఉంటుందో తెలుస్తుంది అంటే మేం డబ్బు చూసుకుని వద్దన్నాం. ఆవిడ ఊరుకోలేదు, సరే అదనంగా ఎలుకలు వద్దు, చివరి రోజు ఎలాగూ సాక్రిఫైస్ చేస్తాం కాబట్టి హైడోస్ గ్రూపులో సగం ఆఖరి డోసు తర్వాత రెండు గంటలకి, సగం ఎనిమిది గంటలకి చేద్దాం, రక్తం గడ్డ రెండూ దాచి పెడతాం, కొలుస్తారా లేదా మీ ఇష్టం అంది. రెండు గంటల శాంపిల్స్‌లో మందు బాగానే ఉంది, ఎనిమిది గంటలకి గడ్డలో దాదాపు లేదు. రోజుకోసారి ఇస్తున్నాం, అంటే రోజులో ఎక్కువసేపు గడ్డ దగ్గర మందే లేదు, ఎలుక లివర్ మా మాలిక్యూల్‌ని నమిలి మింగేస్తోంది. మొదటి స్టడీలో 74 వచ్చిందని అలాగే ముందుకు పోయుంటే టాక్సికాలజీకి, అంటే విషప్రభావం చూసే టెస్టులకి కోట్లు పోసి అప్పుడు తెలుసుకునేవాళ్ళం. ఇప్పుడు మా కెమిస్ట్ అణువులో ఎక్కడ తెగుతోందో చూసి ఆ మూల కాస్త మార్చే పనిలో ఉన్నాడు.

ఒక స్టార్ ఎందుకు కోశానో కూడా చెప్పాలి. ప్రాజెక్ట్ మేనేజర్లు నాలుగు నెలల్లో ముగ్గురు మారారు, ప్రతి ఒక్కరికీ రామాయణం మళ్ళీ బాలకాండ నుంచి చెప్పాలి. డ్రాఫ్ట్ రిపోర్ట్ నాలుగు వారాల్లో అన్నారు, తొమ్మిది పట్టింది. వచ్చిన దాంట్లో ఒక టేబుల్ కింద ఇంకెవరిదో క్లయింట్ ప్రాజెక్ట్ కోడ్ ఉంది, పాత రిపోర్ట్ కాపీ చేసి అంకెలు మార్చారన్నమాట, అది చూడగానే నా గుండె జారింది, మన కోడ్ ఎవరి రిపోర్ట్‌లో తిరుగుతోందో అని. వారం వారం అప్‌డేట్ పీడీఎఫ్‌లో పంపుతారు, ఎక్సెల్ కావాలంటే ప్రతిసారీ అడగాలి. ఆదివారం డోసింగ్‌కి వేరే ఛార్జి, అది కొటేషన్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, పైన 18 శాతం జీఎస్టీ. మొత్తం మీద మేం ఇచ్చిన డబ్బుకి మంచి కారు ఒకటి వచ్చేది. ఎలుకల గది మనుషులు బంగారం, ఆఫీసు గది మనుషులకి ఇంకా ట్రైనింగ్ కావాలి.

ఇంకొన్ని తోచినవి రాసేస్తా. మీది ఇమ్యునోథెరపీ అయితే న్యూడ్ మైస్‌లో చెయ్యమని ఎవరైనా కొటేషన్ ఇస్తే లేచి వచ్చెయ్యండి, టీ సెల్స్ లేని ఎలుకలో టీ సెల్స్‌ని లేపే మందు ఏం చేస్తుంది, దానికి ఎలుకదే కేన్సర్ అదే జాతి ఎలుకలో పెట్టే మోడల్స్ కావాలి, సీటీ26, ఎంసీ38 లాంటివి. టీ సెల్స్‌కి బ్రేకులా పనిచేసే సీటీఎల్ఏ4ని అడ్డుకునే యాంటీబాడీతో 1996లో జేమ్స్ అలిసన్ వాళ్ళు చూపించింది రోగనిరోధక శక్తి ఉన్న ఎలుకల్లోనే, 2018లో నోబెల్ వచ్చింది. ఇక పీడీఎక్స్, అంటే పేషెంట్ గడ్డ ముక్కనే నేరుగా ఎలుకలో పెంచేది, ఈ ల్యాబ్‌లో ఉంది, మాకు అమ్మాలని బాగా చూశారు, ఫ్లాస్కులో ఏళ్ళ తరబడి పెరిగిన కణాల కంటే అది అసలు జబ్బుకి దగ్గర అన్నది నిజమే, కానీ టైమూ డబ్బూ రెండూ ఎక్కువ, మా స్థాయికి అప్పుడే కాదు. ఒక్క మోడల్‌తో సంబరపడొద్దని మాత్రం వాళ్ళే చెప్పారు, 2001లో అమెరికా నేషనల్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ (ఎన్‌సీఐ) వాళ్ళు 39 మందుల పాత డేటా తిరగేస్తే టెస్ట్ చేసిన మోడల్స్‌లో కనీసం మూడో వంతులో పని చేసినవాటికి తర్వాత పేషెంట్లలో కొంతైనా పని చెయ్యడంతో సంబంధం కనిపించింది. రెండో మోడల్ అమ్ముకోడానికే చెప్పారనుకోండి, అయినా నిజమే.

ఎలుకలు లేకుండా చెయ్యొచ్చు కదా అని మా చెల్లి అడుగుతుంది ప్రతిసారీ. 2022 చివర్లో అమెరికాలో, 2023లో మన దగ్గరా రూల్స్ మార్చారు, ఆర్గనాయిడ్లు (ల్యాబ్‌లో పెంచే బుల్లి అవయవాల్లాంటి కణాల ముద్దలు), అవయవంలా పనిచేసేలా కణాలు పెట్టిన చిప్‌లు లాంటి పద్ధతుల డేటా కూడా చూపించుకోవచ్చు. మేం కూడా ఆర్గనాయిడ్స్‌లో చేశాం, అక్కడ మా మందు బ్రహ్మాండంగా పని చేసింది. ఎనిమిది గంటలకల్లా లివర్ మింగేస్తుందని అది చెప్పలేదు, దానికి లివర్ లేదు. చెల్లికి ఈ మాట నచ్చలేదు, ఆ నలభై ఎలుకల సంగతి నాకూ తేలిగ్గా ఏం లేదు, అరవై అనాలి అసలు, గ్రూపుల్లోకి ఎక్కని ఇరవై కూడా పోయాయి కదా.

మళ్ళీ వీళ్ళ దగ్గరికే వెళ్తామా అంటే వెళ్తున్నాం, కొత్త అణువు రెడీ అయితే వేసవిలో, ఈసారి పీకే గ్రూపుతో, ఉగాదిని చూసుకునే తారీకులు ఇచ్చా. అన్నట్టు మిగిలిన గడ్డ ముక్కలు వాళ్ళ మైనస్ 80 ఫ్రీజర్‌లోనే ఉన్నాయి, మూడు నెలలు ఫ్రీ, తర్వాత డబ్బాకి ఇంతని నెలనెలా ఛార్జి, నిన్ననే నాలుగో మేనేజర్ పరిచయం చేసుకుంటూ మెయిల్ పెట్టాడు, గడువు శుక్రవారమట. రేపు పొద్దున్నే డ్రై ఐస్ దొరకబుచ్చుకుని థర్మోకోల్ డబ్బా వేసుకుని బయల్దేరాలి, పిల్లిని ముట్టుకోకుండా.